చెరువు నీటికి కదలిక: బ్లెండర్‌లో అతుకు కనిపించని అలలు ఎలా చేయాలి

కంప్యూటర్‌లో చేసిన నీరు చూడగానే నకిలీదని తెలిసిపోతే చాలామంది వెంటనే రంగు మార్చడం మొదలుపెడతారు. కాస్త నీలం పెంచుతారు, కాస్త ఆకుపచ్చ కలుపుతారు. అయినా అది నీరులా అనిపించదు. నేను చూసినంతలో తప్పు రంగులో ఉండడం అరుదు, అది వేగంలో ఉంటుంది. జానెడు అల, రెండు బారల అల ఒకే తీరున ఊగుతుంటే మన కన్ను ఒప్పుకోదు. చెరువు గట్టున పెరిగిన పదేళ్ల పిల్లవాడికి కూడా అది నీరు కాదని క్షణంలో తెలిసిపోతుంది. ఎందుకో చెప్పలేడు, అంతే.

అందుకే ఈ పాఠంలో వేగానికి ఎక్కువ చోటు ఇచ్చాను. మనం చేయబోయేది సాయంత్రం పూట, సన్నటి గాలి వీస్తున్న ఒక ఊరి చెరువు. ఫొటోలు వాడం, ద్రవ సిమ్యులేషన్ జోలికి పోం. బ్లెండర్ అనే ఉచిత త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో నోడ్లు, అంటే ఒక్కో చిన్న పని చేసే పెట్టెలు, తీగలతో కలిపి, లెక్కతోనే నీటి ఉపరితలాన్ని పుట్టిస్తాం. ఇలా లెక్కతో పుట్టే మెటీరియల్‌ను ప్రొసీజరల్ మెటీరియల్ అంటారు. దీనిలో ఫొటోలాగా ఒకే ముక్క పదేపదే కనిపించదు, ఎంత దగ్గరికి వెళ్లినా చుక్కలు చుక్కలుగా విడిపోదు, గాలి పెంచాలంటే ఒక అంకె మారిస్తే చాలు. చివరికి 10 సెకన్ల నిడివితో, ఎన్నిసార్లు తిప్పినా అతుకు కనిపించని యానిమేషన్ వస్తుంది.

బ్లెండర్ 4.1 లేదా ఆ తర్వాతి వెర్షన్ వాడండి. పాత పాఠాల్లో మస్‌గ్రేవ్ టెక్స్చర్ అనే నోడ్ కనిపిస్తుంది. 4.1లో దాన్ని నాయిస్ టెక్స్చర్‌లో కలిపేశారు కాబట్టి వెతికినా దొరకదు. ఉపరితలం రంగును, మెరుపును నిర్ణయించే ప్రిన్సిపుల్డ్ షేడర్ నోడ్‌లోని పేర్లు కూడా 4.0లో మారాయి.

ముందు చెరువు దగ్గరికి

ఈ అడుగు దాటవేయకండి. దగ్గర్లో ఉన్న చెరువో, కాలువో, కోనేరో చూసుకుని వెళ్లండి. నీటిలో నాటిన కర్ర గానీ, కదలకుండా ఉన్న తుంగ కాడ గానీ ఒకటి ఎంచుకోండి. ఫోను కదలకుండా పట్టుకుని అర నిమిషం వీడియో తీయండి. ఇంటికొచ్చి, 10 సెకన్లలో ఎన్ని అలల శిఖరాలు ఆ కర్రను దాటాయో లెక్కపెట్టండి.

ఆ ఒక్క అంకె నుంచి అల పొడవు తెలిసిపోతుంది. లోతైన నీటిలో, అంటే అల పొడవులో సగానికి మించి లోతున్న చోట, ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి పట్టే సమయాన్ని సెకన్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మళ్లీ 1.56తో గుణిస్తే అల పొడవు మీటర్లలో వస్తుంది. 10 సెకన్లలో 10 శిఖరాలు దాటితే ఒక్కో అల పొడవు దాదాపు ఒకటిన్నర మీటర్లు. 12, 13 దాటితే ఒక మీటరు. 25 దాటితే పావు మీటరు, అంటే ఇంచుమించు ఒక జాన.

దీని వెనక ఉన్నది భూమి ఆకర్షణ. పైకి లేచిన నీటిని అది కిందికి లాగుతుంది, ఆ ఊపులో నీరు మట్టం దాటి దిగి మళ్లీ లేస్తుంది. పొడవైన అల ముందుకు వేగంగా పరుగెడుతుంది, కానీ ఉన్నచోట నిదానంగా ఊగుతుంది. మీటరు అల సెకనుకు 1.25 మీటర్లు పోతుంది, 10 మీటర్ల అల దాదాపు 4 మీటర్లు పోతుంది. ఊగడం చూస్తే మాత్రం మీటరు అలకు 0.8 సెకను, 4 మీటర్ల అలకు 1.6 సెకన్లు పడుతుంది. పొడవు నాలుగింతలైతే ఊగే సమయం రెండింతలే అవుతుంది. ఈ వర్గమూల సంబంధాన్ని గుర్తుంచుకోండి, నోడ్లలో మనం పెట్టే అంకెలన్నీ దీని నుంచే వస్తాయి. వేలి మందం కన్నా చిన్న అలల దగ్గర లెక్క మారుతుంది. అక్కడ నీటి తలతన్యత పెత్తనం చేస్తుంది. 1.7 సెంటీమీటర్ల అల అన్నిటికంటే నిదానం, సెకనుకు 23 సెంటీమీటర్లే నడుస్తుంది. మన కెమెరా గట్టు మీద ఉంటుంది కాబట్టి అంత చిన్నవి విడిగా కనిపించవు.

రంగస్థలం

కొత్త ఫైలు తెరిచి 80 మీటర్ల వెడల్పు, 80 మీటర్ల పొడవు ఉన్న ఒక ప్లేన్, అంటే బల్లపరుపు పలక, పెట్టండి. కొలత మార్చాక కంట్రోల్, ఇంగ్లీషు ఏ మీటలు కలిపి నొక్కి స్కేల్‌ను స్థిరపరచండి. ఇది మరిచిపోతే మనం మీటర్లలో వేసుకున్న లెక్కలన్నీ తప్పుతాయి. కెమెరాను గట్టు మీద నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో, నీటికి 1.6 మీటర్ల పైన ఉంచండి. ఫ్రేమ్ రేటు 24, అంటే సెకనుకు 24 బొమ్మలు. ఫ్రేములు 1 నుంచి 240 వరకు.

ఎదుటి గట్టున ఏదో ఒకటి ఉండాలి. నాలుగు తాటిచెట్లు, ఒక గుడి గోపురం, లేదా ముదురు రంగు దిబ్బ అయినా సరే. నీరు ఎక్కువగా చూపించేది తనను కాదు, తన చుట్టూ ఉన్న వాటిని. ఖాళీ ఆకాశం కింద ఎంత మంచి అలలైనా బూడిదరంగు రేకులా కనిపిస్తాయి. ఇది చివర్లో చేసుకుందాంలే అని వదిలేస్తే మధ్యలో చేసే సర్దుబాట్లన్నీ గుడ్డిగా సాగుతాయి.

నాయిస్‌ను గుండ్రంగా తిప్పడం

షేడర్ ఎడిటర్ తెరిచి ప్లేన్‌కు కొత్త మెటీరియల్ ఇవ్వండి. మన ముడిసరుకు నాయిస్ టెక్స్చర్ నోడ్. దీని వెనక ఉన్న లెక్కను కెన్ పెర్లిన్ 1985లో సిగ్గ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో ప్రచురించారు, ఆ పనికే 1997లో ఆయనకు ఆస్కార్లు ఇచ్చే అకాడమీ వారి సాంకేతిక పురస్కారం వచ్చింది. పూర్తి గందరగోళం కాకుండా, ఒక చోటి నుంచి పక్క చోటికి మెత్తగా మారే యాదృచ్ఛికత దాని గొప్పతనం. నీటి మిట్టపల్లాలకు సరిగ్గా కావలసింది అదే.

నోడ్‌లో డైమెన్షన్స్ దగ్గర 4డీ ఎంచుకోండి. అప్పుడు మామూలు స్థానంతో పాటు డబ్ల్యూ అనే ఇంకో గడి వస్తుంది. డబ్ల్యూను కాలంతో పాటు పెంచుతూ పోతే నమూనా ఉన్నచోటే రూపు మార్చుకుంటుంది. ఎక్కువ పాఠాలు ఇక్కడితో ఆగిపోతాయి. కానీ అలా చేస్తే 240వ ఫ్రేము తర్వాత 1వ ఫ్రేముకు రాగానే నీరు గెంతుతుంది, ఎందుకంటే డబ్ల్యూ ఎక్కడికో వెళ్లిపోయింది, మొదలైన చోటికి రాలేదు.

గానుగ చుట్టూ తిరిగే ఎద్దు ఎంత నడిచినా బయలుదేరిన చోటికే వస్తుంది. మన నాయిస్‌ను కూడా అలాగే తిప్పాలి. తిరగడానికి రెండు దిక్కులు కావాలి. డబ్ల్యూ ఒకటి. చెరువు ఉపరితలం బల్లపరుపుగా ఉంది కాబట్టి నిలువు దిక్కైన జెడ్ మనకు ఖాళీగా ఉంది, అది రెండోది.

ఒక వాల్యూ నోడ్ పెట్టండి. దాని గడిలో హ్యాష్ గుర్తు, వెంటనే ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఫ్రేమ్ అనే పదం, భాగహార గీత, 240 టైపు చేసి ఎంటర్ నొక్కండి. గడి ఊదారంగులోకి మారితే డ్రైవర్, అంటే విలువను తనంతట తానే మార్చే సూత్రం, పని చేస్తున్నట్లే. దాన్ని ఒక మ్యాథ్ నోడ్‌తో 6.2832తో గుణించండి. ఇది మన కోణం, 240 ఫ్రేముల్లో ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. ఆ కోణాన్ని రెండు మ్యాథ్ నోడ్లలోకి పంపి ఒకదానిలో కొసైన్, రెండోదానిలో సైన్ ఎంచుకోండి.

ఇప్పుడు టెక్స్చర్ కోఆర్డినేట్ నోడ్ నుంచి ఆబ్జెక్ట్ అనే తీగను సెపరేట్ ఎక్స్‌వైజెడ్ నోడ్‌లోకి తీసుకోండి. పక్కన ఒక కంబైన్ ఎక్స్‌వైజెడ్ నోడ్ పెట్టి, ఎక్స్‌ను ఎక్స్‌కు, వైను వైకి కలపండి. జెడ్ గడిలోకి మాత్రం కొసైన్‌ను ఒక వ్యాసార్ధంతో గుణించి పంపండి. సైన్‌ను అదే వ్యాసార్ధంతో గుణించి నాయిస్ నోడ్ డబ్ల్యూ గడికి ఇవ్వండి. కంబైన్ నోడ్ నుంచి వచ్చే తీగ నాయిస్ వెక్టర్‌లోకి వెళ్తుంది. ప్లే నొక్కి చూడండి. నమూనా మరుగుతున్నట్లు మారుతూ 240 ఫ్రేములకు ఒకసారి సరిగ్గా మొదటికొస్తుంది. 241వ ఫ్రేము 1వ ఫ్రేముతో సమానం కాబట్టి ఒకే బొమ్మ రెండుసార్లు వచ్చి తడబడే సమస్య కూడా లేదు.

మూడు పొరలు

ఒక్క నాయిస్‌తో చెరువు రాదు. డీటెయిల్ గడి పెంచితే చిన్న అలలు కూడా వస్తాయి కదా అనిపిస్తుంది. వస్తాయి, కానీ వాటి వేగం తప్పుగా వస్తుంది. డీటెయిల్ పెంచిన ప్రతిసారీ బ్లెండర్ మునుపటిలో సగం పరిమాణం ఉన్న నాయిస్‌ను కలుపుతుంది, అది రెండింతల వేగంతో మారుతుంది. నిజం నీటిలో సగం పొడవున్న అల రెండింతలు కాదు, 1.4 రెట్లు మాత్రమే త్వరగా ఊగుతుంది. అందుకే చిన్న వివరాలు చీమల్లా గిలగిలలాడుతూ కనిపిస్తాయి. కాబట్టి డీటెయిల్‌ను పెద్ద పొరలకు 0, చిన్న పొరకు 1 పెట్టి, పొరలను విడివిడిగా చేసి కలుపుదాం.

స్కేల్ గడి కూడా ఇలాంటి తప్పే చేయిస్తుంది. అది స్థానాన్నే కాదు, డబ్ల్యూను కూడా గుణిస్తుంది. స్కేల్‌ను నాలుగింతలు చేస్తే అల నాలుగో వంతుకు తగ్గుతుంది, మార్పు నాలుగింతలు వేగవంతమవుతుంది. ప్రకృతిలో కావలసింది రెండింతలే. ఆ తేడాను వ్యాసార్ధంతో సరిదిద్దాలి. స్కేల్ నాలుగింతలైతే వ్యాసార్ధం సగం చేయండి.

నాయిస్‌లో ఒక మిట్ట నుంచి తర్వాతి మిట్టకు దూరం సుమారుగా 2ను స్కేల్‌తో భాగిస్తే వస్తుంది. ఆ లెక్కన నేను వాడే అంకెలు ఇవి. పెద్ద పొరకు స్కేల్ 0.5, వ్యాసార్ధం 4, అంటే దాదాపు 4 మీటర్ల అలలు. నడిమి పొరకు స్కేల్ 2, వ్యాసార్ధం 2, అంటే మీటరు అలలు. చిన్న పొరకు స్కేల్ 8, వ్యాసార్ధం 1, అంటే జానెడు అలలు. 10 సెకన్లలో ఇవి వరుసగా ఇంచుమించు 6, 12, 25 సార్లు ఊగుతాయి. చెరువు దగ్గర మీరు లెక్కపెట్టిన అంకెలతో పోల్చి చూడండి. మీ చెరువులో వేరుగా ఉంటే మీ అంకెలే సరైనవి. యానిమేషన్ నిడివి మారిస్తే వ్యాసార్ధాలను కూడా అదే నిష్పత్తిలో మార్చాలి. 20 సెకన్లకు రెండింతలు.

ప్రతి పొరకు ఎక్స్, వైలకు వేర్వేరు అంకెలు కూడండి. ఒకదానికి 17, ఇంకోదానికి 43, ఏదైనా సరే. లేకపోతే మూడు పొరలూ ఒకే మూల నుంచి పుట్టి, ప్లేన్ మధ్యలో ఒకదాన్ని ఒకటి అనుకరిస్తాయి. ఒకసారి ఆ పోలిక కంటికి చిక్కితే మళ్లీ మరుగున పడదు.

నాయిస్ విలువ నుంచి 0.5 తీసేసి, వచ్చినదాన్ని ఎత్తుతో గుణించండి. ఎత్తును మీటర్లలోనే ఆలోచించండి. పెద్ద పొరకు 0.06, నడిమి పొరకు 0.02, చిన్న పొరకు 0.004. నాయిస్ విలువలు ఎక్కువగా మధ్యలోనే తిరుగుతాయి కాబట్టి నిజంగా కనిపించే ఎత్తు ఇందులో సగం ఉంటుంది. సన్నటి గాలికి అది చాలు. కొత్తగా చేసేవాళ్లు ఎత్తును పది రెట్లు పెట్టేస్తుంటారు. నిజమైన అల తన పొడవులో ఏడో వంతుకు మించి లేవలేదు, అక్కడికి చేరగానే విరిగి నురగవుతుంది. ప్రశాంతమైన చెరువులో అలలు ఆ హద్దుకు ఎంతో దూరంలో ఉంటాయి.

ఇదంతా మూడుసార్లు కట్టడం విసుగు. ఒక పొర కట్టగానే నోడ్లన్నీ ఎంచుకుని కంట్రోల్, జీ నొక్కి గ్రూపుగా మార్చండి. స్కేల్, వ్యాసార్ధం, ఎత్తు, జరుపుడు అనే నాలుగు గడులను బయటికి తీయండి. ఆ గ్రూపును నకలు చేసుకుంటూ పోవచ్చు. మూడు ఫలితాలనూ కూడి, మిట్టపల్లాల భ్రమ కలిగించే బంప్ నోడ్ హైట్ గడికి ఇవ్వండి. స్ట్రెంత్ 1, డిస్టెన్స్ 1. ఎత్తులు మీటర్లలో ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఇంకేమీ తిప్పక్కర్లేదు.

గాలి

ఇప్పటిదాకా చేసినది నీరే, కానీ గాలి లేని నీరు. అలలకు దిక్కు లేదు, ఉన్నచోటే ఊగుతున్నాయి. నిజానికి నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇక్కడే మొదలవుతుంది.

గాలి ఎక్స్ దిక్కున, ఎడమ నుంచి కుడికి వీస్తోందనుకుందాం. గాలికి అడ్డంగా అల శిఖరాలు పొడవుగా సాగుతాయి. దానికి, నాయిస్‌లోకి వెళ్లే ముందు వై విలువను 0.4తో గుణించండి. గుండ్రటి బొబ్బల్లా ఉన్న మిట్టలు వెంటనే సాగి అలల రూపంలోకి వస్తాయి. ఈ ఒక్క గుణకారం ఇచ్చే తేడా చూసి మీరే ఆశ్చర్యపోతారు.

తర్వాత ప్రయాణం. నాయిస్‌ను ఒక దిక్కుకు జరిపితే మన గానుగ చుట్టు చెడిపోతుంది. దానికి వేవ్ టెక్స్చర్ నోడ్ వాడండి. రకం బ్యాండ్స్, దిక్కు ఎక్స్, ప్రొఫైల్ సైన్. దీని స్కేల్ 1 అయితే అల పొడవు 0.314 మీటర్లు, కాబట్టి మీటరు అలకు స్కేల్ 0.314 పెట్టాలి. డిస్టార్షన్ 5 పెడితే గీతలు సరళరేఖల్లా కాకుండా వంకర్లు పోతాయి. ఫేజ్ ఆఫ్‌సెట్ గడికి మన కోణాన్ని మైనస్ 12తో గుణించి ఇవ్వండి. మైనస్ గుర్తు వల్ల అలలు కుడివైపు నడుస్తాయి, 12 వల్ల 10 సెకన్లలో 12 అలలు దాటుతాయి. ఇక్కడ పూర్ణాంకమే ఉండాలి. లెక్క ప్రకారం పన్నెండున్నర రావాలి నిజమే, కానీ అర పెడితే చుట్టు తిరిగేసరికి అల సగంలో ఆగి గెంతుతుంది. ఈ పొర ఎత్తు 0.008 మించనివ్వకండి. దీని పని గాలి దిక్కును చూచాయగా చెప్పడమే, గట్టిగా కనిపిస్తే దుప్పటి మీది చారల్లా ఉంటుంది.

చెరువును కాసేపు గమనిస్తే నీటి మీద గాలి అంతటా ఒకేలా తగలదని తెలుస్తుంది. ఒకచోట నీరు అద్దంలా ఉంటుంది, దాని పక్కనే గరుకు మచ్చ, ఆ మచ్చ మెల్లగా జరుగుతుంటుంది. ఇది లేని నీరు ఎంత సరిగ్గా ఉన్నా గోడకు అంటించిన కాగితంలా ఉంటుంది. దానికోసం ఇంకో నాయిస్ తీసుకోండి. స్కేల్ 0.06, వ్యాసార్ధం 2.5, అదే గుండ్రటి తిప్పుడు. దాన్ని మ్యాప్ రేంజ్ నోడ్‌లోకి పంపి 0.4 నుంచి 0.6 వరకు ఉన్న విలువలను 0.15 నుంచి 1 వరకు సాగదీయండి. మార్పు మెత్తగా ఉండేందుకు స్మూత్ స్టెప్ ఎంచుకోండి. ఈ ఫలితంతో చిన్న పొర ఎత్తును గుణించండి. పెద్ద పొరను ముట్టుకోవద్దు. పెద్ద అలలు గాలి ఆగిన తర్వాత కూడా చాలాసేపు ఊగుతుంటాయి, చిన్నవి గాలితో పుట్టి గాలితో పోతాయి. నడిమి పొరకు సగం ప్రభావం ఇస్తే చాలు.

ఓపిక ఉంటే ఇంకొక్కటి. గాలి వచ్చే వైపు గట్టు దగ్గర నీరు ప్రశాంతంగా ఉంటుంది, ఎదుటి గట్టుకు చేరేసరికి అలలు పెరుగుతాయి, ఎందుకంటే గాలి అంత దూరం నీటిని తోసుకుంటూ వచ్చింది. పాకాల, రామప్ప లాంటి కాకతీయుల కాలపు పెద్ద చెరువుల కట్ట మీద నిలబడితే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఎక్స్ విలువను మైనస్ 40 నుంచి 40 వరకు తీసుకుని, 0.4 నుంచి 1కి మార్చి, పెద్ద, నడిమి పొరలను దానితో గుణించండి.

ఉపరితలం, రంగు, ఆకాశం

ప్రిన్సిపుల్డ్ షేడర్‌లో ఐఓఆర్ 1.333 పెట్టండి. నీటి వక్రీభవన గుణకం అది, దీన్ని రుచిని బట్టి మార్చకండి. దానివల్లే మీ కాళ్ల దగ్గర నిట్టనిలువుగా చూసిన నీరు వెలుగులో 2 శాతమే తిప్పి పంపుతుంది, పది మీటర్ల దూరంలో ఏటవాలుగా చూసిన నీరు మూడో వంతుకు పైగా తిప్పి పంపుతుంది. దగ్గర చీకటి, దూరం మెరుపు. ఇది దానంతట అదే వస్తుంది, మనం విడిగా ఏమీ చేయక్కర్లేదు. బంప్ నోడ్ ఫలితాన్ని నార్మల్ గడికి కలపండి. రఫ్‌నెస్, అంటే గరుకుతనం, 0.02.

ఇక పారదర్శకత. నీరు అనగానే ట్రాన్స్‌మిషన్ 1 పెట్టడం అలవాటు. ఊరి చెరువుకు అది అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. ఆ నీటిలో మట్టి, నాచు ఉంటాయి, మూరెడు లోతు దాటితే అడుగు కనిపించదు. ట్రాన్స్‌మిషన్ 0 ఉంచి, బేస్ కలర్‌ను చాలా ముదురు పాచి రంగులో పెట్టండి. ఎరుపు 0.02, ఆకుపచ్చ 0.035, నీలం 0.02. రెండరింగ్, అంటే చివరి బొమ్మలు తీయడం, ఎంతో వేగంగా అవుతుంది, నిజమైన నీటికి దగ్గరగానూ ఉంటుంది. వానాకాలపు గోదావరి కావాలంటే ఎరుపు 0.20, ఆకుపచ్చ 0.11, నీలం 0.05 నుంచి మొదలుపెట్టండి. పులసలు ఎదురీదే ఆ ఎర్రనీటికి లోపల పారదర్శకత వెతకడం వృథా. కానీ నదికి ప్రవాహం ఉంటుంది, ఈ అలల పద్ధతి ఒక్కటే సరిపోదు.

తేట నీరు కావలసింది మెట్లు కనిపించే కోనేటికి. అప్పుడు ప్లేన్ బదులు అన్ని వైపులా మూసిన పెట్టెలాంటి ఆకారం (మెష్) వాడి, బేస్ కలర్ తెలుపు, ట్రాన్స్‌మిషన్ 1 పెట్టి, వాల్యూమ్ గడికి వాల్యూమ్ అబ్సార్ప్షన్ నోడ్ కలపండి. నీరు ముందుగా ఎరుపును హరిస్తుంది, అందుకే లోతు పెరిగేకొద్దీ మెట్లు నీలి ఆకుపచ్చలోకి జారతాయి. నోడ్ రంగును లేత నీలి ఆకుపచ్చగా ఉంచితే ఆ పని అదే చేస్తుంది. మెట్ల మీద ఆడే వెలుగు వల కోసం, మెట్ల మెటీరియల్‌లో 4డీ వోరోనోయ్ టెక్స్చర్‌ను ఇదే గుండ్రటి పద్ధతిలో తిప్పి, సన్నటి గీతలు మిగిలేలా కత్తిరించి కలపవచ్చు.

ఆకాశానికి వరల్డ్ సెట్టింగుల్లో స్కై టెక్స్చర్ పెట్టి, సూర్యుడి ఎత్తు 12 డిగ్రీలు ఉంచండి. సూర్యుడు కెమెరాకు ఎదురుగా, కాస్త పక్కకు ఉంటే నీటి మీద మెరుపుల బాట వస్తుంది. ఆ బాట వెడల్పే అలల వాలుకు కొలబద్ద. బాట మరీ వెడల్పైతే ఎత్తులు ఎక్కువయ్యాయని, కత్తిలా సన్నగా ఉంటే తక్కువయ్యాయని అర్థం.

దూరంలో గిలగిలలు

మొదటిసారి రెండర్ చేసినప్పుడు దగ్గరి నీరు బాగుంటుంది, ఎదుటి గట్టు దగ్గర మాత్రం ఇసుక చల్లినట్లు చుక్కలు మెరుస్తాయి. అక్కడ ఒక పిక్సెల్‌లో ఒకటికి మించి చిన్న అలలు ఇరుక్కున్నాయి, ప్రతి ఫ్రేములో వాటిలో ఏదో ఒకటి తగులుతోంది. శాంపిల్స్, అంటే ఒక్కో పిక్సెల్‌కు లెక్కించే కిరణాల సంఖ్య, పెంచితే సమయం తింటుంది గానీ పూర్తిగా పోదు.

సరైన మందు ఇది. కెమెరా డేటా నోడ్ నుంచి వ్యూ డిస్టెన్స్ తీసుకుని, మ్యాప్ రేంజ్‌తో 15 మీటర్ల దగ్గర 1, 60 మీటర్ల దగ్గర 0 అయ్యేలా చేయండి. దానితో చిన్న పొర ఎత్తును గుణించండి. అంతటితో ఆపితే దూరపు నీరు అద్దమైపోతుంది, అది ఇంకో అబద్ధం. కాబట్టి అదే దూరంలో రఫ్‌నెస్‌ను 0.02 నుంచి 0.15కి పెంచండి. కంటికి విడిగా అందని అలలు మొత్తంగా గరుకుతనంలా కనిపిస్తాయి, మనం చేస్తున్నది ఆ మార్పిడే. గాలి మచ్చల కోసం చేసిన ఫలితాన్ని ఈ రఫ్‌నెస్‌లోకి కూడా కలిపితే దూరాన కూడా మచ్చలు నిలుస్తాయి.

కెమెరా బాగా కిందికి దిగినా, పడవ గానీ తామరాకులు గానీ నీటిని తాకుతున్నా బంప్ చాలదు. అది వెలుగును మాత్రమే వంచుతుంది, ఉపరితలాన్ని కదల్చదు. అప్పుడు పెద్ద, నడిమి పొరల మొత్తాన్ని డిస్‌ప్లేస్‌మెంట్ నోడ్‌కు ఇచ్చి, మిడ్ లెవెల్ 0, స్కేల్ 1 పెట్టి, మెటీరియల్ అవుట్‌పుట్‌కు కలపండి. ప్లేన్‌ను తగినంత ముక్కలు చేయాలి, మీటరు అలకు కనీసం ఏడెనిమిది ముక్కలైనా ఉండాలి. మెటీరియల్ సెట్టింగుల్లో డిస్‌ప్లేస్‌మెంట్‌ను, బంప్‌ను కలిపి వాడే ఎంపిక పెట్టండి. సముద్రం కావాలంటే ఈ దారిలో రాకండి. బ్లెండర్‌లో ఓషన్ మోడిఫయర్ ఉంది, గ్రాఫిక్స్ పరిశోధకుడు జెర్రీ టెస్సెండోర్ఫ్ పద్ధతిలో సముద్రపు అలలను లెక్కగడుతుంది, మన మూడు పొరలకన్నా ఆ పనికి అదే తగినది.

గట్టు అంచును మరిచిపోకండి. నీటి మట్టానికి జానెడు పైదాకా మట్టి తడిసి ముదురుగా, కాస్త మెరుపుగా ఉండాలి. ఎత్తును బట్టి గట్టు రంగును తగ్గించి, రఫ్‌నెస్‌ను 0.3 దాకా దించితే సరిపోతుంది. పొడి మట్టి నేరుగా నీటిని తాకితే మిగతా కష్టమంతా అక్కడ పోతుంది.

రెండరింగ్

బ్లెండర్‌లోని సైకిల్స్ అనే రెండర్ ఇంజన్‌లో 256 శాంపిల్స్‌తో మొదలుపెట్టండి. బొమ్మలోని చుక్కలను చెరిపే డీనాయిజర్ చిన్న అలలను మరకగా భావించి తుడిచేస్తుంది, ఒక్కో ఫ్రేములో ఒక్కోలా తుడుస్తుంది కాబట్టి నీరు మినుకుమంటుంది. అలా కనిపిస్తే శాంపిల్స్ పెంచండి, డీనాయిజర్ మీద భారం వేయకండి. ఈవీ అనే ఇంకో ఇంజన్‌లో పని వేగంగా సాగుతుంది, బ్లెండర్ 4.2 నుంచి దానిలో డిస్‌ప్లేస్‌మెంట్ కూడా పనిచేస్తుంది. అయితే ఫ్రేము బయట ఉన్న చెట్లు దాని నీటిలో సరిగ్గా ప్రతిబింబించవు. నేను సర్దుబాట్లకు ఈవీ, చివరి రెండర్‌కు సైకిల్స్ వాడతాను. ఇంకో సంగతి, నోడ్లతో కదిలే బంప్‌కు మోషన్ బ్లర్ రాదు, దాన్ని ఆన్ చేసి ఎదురుచూడకండి.

నేరుగా వీడియోగా కాకుండా విడి పీఎన్‌జీ బొమ్మలుగా తీయండి. మధ్యలో కరెంటు పోయినా ఆగిన ఫ్రేము నుంచి కొనసాగించవచ్చు. ఆ తర్వాత వీడియోగా కూర్చేటప్పుడు నాణ్యతను ఎక్కువగా ఉంచండి. నీటి అలలు ప్రతి ఫ్రేములో ప్రతి చోటా మారతాయి కాబట్టి తక్కువ బిట్ రేటులో ముందుగా నలిగేది అవే. ఆటల ఇంజన్‌కు పంపాలంటే ఈ నోడ్లు యథాతథంగా వెళ్లవు. నార్మల్ మ్యాపులుగా, అంటే ఉపరితలం వాలును రంగుల్లో దాచే బొమ్మలుగా, బేక్ చేసి బొమ్మల వరుసగా ఇవ్వాలి.

పూర్తయ్యాక ఆ 10 సెకన్లను ఐదారుసార్లు వరుసగా తిప్పండి, పక్కనే ఫోనులో మీరు తీసిన చెరువు వీడియో పెట్టండి. రెండింటిలోనూ ఒక చుక్క ఎంచుకుని 10 సెకన్లలో ఎన్ని శిఖరాలు దాటుతున్నాయో మళ్లీ లెక్కపెట్టండి. మీ నీటిలో ఎక్కువ వస్తే మూడు వ్యాసార్ధాలనూ ఒకే నిష్పత్తిలో తగ్గించండి, వేవ్ పొరలోని 12ను మరో పూర్ణాంకానికి దించి, దాని స్కేల్‌ను కూడా కొత్త అల పొడవుకు తగ్గట్టు సరిచేయండి. తక్కువ వస్తే పెంచండి. ఆ తర్వాత రంగు దగ్గరికి రండి.